డల్ మీద గర్మీ దినాలు: షాహీ సైర్, మజ్దూర్ చెమట

మే నెల వచ్చిందంటే మా కర్నూలులో జుహర్ తర్వాత గల్లీలో పిట్ట కూడా కనపడదు. నా చిన్నప్పుడు అబ్బా దుకాణంలో ఒక పాత క్యాలెండర్ ఉండేది. తారీఖులు ఎప్పుడో చినిగిపోయాయి, బొమ్మ మాత్రం మిగిలింది. నీలం పానీ, వెనక పహాడ్లు, మధ్యలో ఒక షికారా. గిరాకీ లేని దోపహర్లలో అబ్బా దాని వైపు చూసి, "జన్నత్ అంటే అదే బేటా" అనేవారు. ఆయన ఆ సఫర్ చేయకుండానే వెళ్ళిపోయారు. అల్లాహ్ ఆయన మగ్ఫిరత్ చేయుగాక.

చాలా ఏళ్ళ తర్వాత అమ్మీని, పిల్లల్ని తీసుకుని శ్రీనగర్ వెళ్ళాను. డల్ ఘాట్ దగ్గర షికారా మనిషితో బేరం పెట్టాను. ఆయన చెప్పిన దానిలో సగానికి తెచ్చి, గెలిచినట్టు పడవ ఎక్కాను. అమ్మీ దారి పొడుగునా ఆయనతో మాట్లాడుతూనే ఉంది. ఎంతమంది పిల్లలు, మంచు పడితే ఏం చేస్తారు, పడవ సొంతమా కిరాయా అని. రాత్రి గదికి వచ్చాక నన్ను కూర్చోబెట్టి ఒకటే అడిగింది: "మీ అబ్బా క్యాలెండర్‌లో పడవ ఉండేది కదా, నడిపేవాడి మొహం గుర్తుందా నీకు?"

గుర్తులేదు. అసలు ఆ బొమ్మలో మొహం కనపడేలా ఉండేదో లేదో కూడా తెలియదు. ఆ సవాల్‌తోనే కశ్మీర్ తారీఖ్ మళ్ళీ తిరగేశాను. బాద్షాహ్‌ల పేర్లు అందరికీ తెలుసు. వాళ్ళ సామాను మోసింది ఎవరు, పడవ నడిపింది ఎవరు, వాళ్ళకి ఉజ్రత్ దక్కిందా లేదా అన్నదే నేను వెతికింది.

మొదట బుడ్‌షాహ్ దగ్గర మొదలుపెడదాం. సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ 1420 నుంచి 1470 వరకు కశ్మీర్‌ను పాలించాడు. బుడ్‌షాహ్ అంటే పెద్ద బాద్షాహ్ అని అక్కడి అవామ్ పెట్టుకున్న పేరు. ఆయన తవ్వించిన కాలువల్లో నల్లా మార్ ఒకటి. డల్ పానీ పాత షహర్ మధ్య నుంచి ఆ కాలువలో పారేది. కూరగాయలు, కట్టెలు, మనుషులు అన్నీ పడవల మీదే ఇంటి మెట్ల దాకా వచ్చేవి. డల్‌కు ఎగువన దాచీగామ్ పహాడ్ల నుంచి తేల్‌బల్ వాగు నీళ్ళు తెస్తుంది. దిగువన డల్‌గేట్ నుంచి జీలం వైపు పోతాయి. వచ్చే దారి, పోయే దారి రెండూ తెరిచి ఉంటేనే సరస్సు సజీవంగా ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

1586లో అక్బర్ ఫౌజ్ కశ్మీర్‌ను మొగల్ సల్తనత్‌లో కలిపింది. అప్పటికే సుల్తాన్ యూసుఫ్ షాహ్ చక్ అక్బర్ చేతిలో ఖైదీ. ఆయన మళ్ళీ తన వాదీని చూడలేదు. ఆయన ఖబర్ ఎక్కడో దూరాన, బీహార్‌లోని బిస్వక్‌లో ఉంది. అంటే ఒకరి సైర్‌గాహ్ మొదలైన రోజే ఇంకొకరి జిలావతన్ కూడా మొదలైంది.

అక్బర్ మూడుసార్లు కశ్మీర్ వచ్చాడు. మూడోసారి 1597లో వచ్చినప్పుడు అక్కడ ఖహత్ నడుస్తోంది. బాద్షాహ్‌తో పాటు వచ్చిన జెస్యూట్ పాద్రీ జెరోమ్ జేవియర్ ఆ కరువును కళ్ళారా చూశాడు. ఆ కాలంలోనే హరి పర్బత్ కొండ చుట్టూ పెద్ద ఫసీల్ లేచింది. కాఠీ దర్వాజా మీద ఫార్సీ కత్బా ఈరోజుకీ ఉంది. దాని సారాంశం ఇది: ఈ పనికి బాద్షాహ్ ఖజానా నుంచి ఒక కోటి పది లక్షలు, హిందుస్తాన్ నుంచి రెండు వందల మంది ఉస్తాద్‌లు పంపాడు. ఇక్కడ ఎవరూ బేగార్ చేయలేదు, అందరికీ ఖజానా నుంచి పైసా ముట్టింది.

చాలామంది టూరిస్టులు ఆ దర్వాజా కింద నుంచి నడిచిపోతారు, తల ఎత్తి చూడరు. నాకు మాత్రం కశ్మీర్‌లో ఉన్న ఇమారత్‌లన్నిటికంటే ఆ నాలుగు సతర్లే ముఖ్యం అనిపించింది. కూలి డబ్బులు ఇచ్చామని రాయి మీద చెక్కించుకున్నారంటే, ఇవ్వకుండా పని చేయించుకోవడం ఎంత మామూలు విషయమో ఆలోచించండి. బేగార్ అంటే ఇదే: హుకుం వస్తే ఇల్లు, పొలం వదిలి మోయాలి, తవ్వాలి, ఉజ్రత్ అడగకూడదు. మన తెలంగాణలో దీన్నే వెట్టి అన్నారు. పేరు వేరు, జుల్మ్ ఒకటే.

తర్వాత జహంగీర్. గర్మీ కోసమే కశ్మీర్ వచ్చే రివాజ్‌ను ఖాయం చేసింది ఆయనే. షాలిమార్ బాగ్ 1619లో మొదలైంది. 1630 ప్రాంతంలో, షాహ్‌జహాన్ హయాంలో, సూబేదార్ జఫర్ ఖాన్ దాన్ని పై వైపుకు పెంచాడు. నూర్‌జహాన్ అన్న ఆసఫ్ ఖాన్ వేయించింది నిషాత్ బాగ్, పన్నెండు మెట్లుగా సరస్సు వైపు దిగుతుంది. చష్మే షాహీ 1632 నాటిది. ఇంకా పైన దారా షికోహ్ పేరుతో చెప్పుకునే పరీ మహల్.

ఈ బాగుల్లో పంపు లేదు, మోటారు లేదు. పహాడ్ నుంచి దిగే నీటిని కాలువలో పట్టి, మెట్టు మెట్టుకీ కిందికి జారవిడిచారు. ఆ ఒత్తిడితోనే ఫవ్వారాలు లేచేవి. నీటి పరదా వెనక గోడలో చిన్న చిన్న తాఖ్‌లు చేసి రాత్రి పూట చిరాగ్‌లు పెట్టేవారు. షాలిమార్‌కు అప్పట్లో రోడ్డు మీద నుంచి కాదు, డల్ నుంచి ఒక కాలువ గుండా పడవలో వచ్చేవారు. అంటే ఆ బాగ్ అందం మొదలయ్యేదే తెడ్డు చప్పుడుతో. ఆ తెడ్డు పట్టినవాడి పేరు ఏ కితాబ్‌లోనూ లేదు.

1620లో కశ్మీర్ వచ్చినప్పుడు అక్కడి పువ్వుల్ని ఉస్తాద్ మన్సూర్ చేత గీయించానని, అవి వందకు పైగా ఉన్నాయని జహంగీర్ తన తుజుక్‌లో రాసుకున్నాడు. 1627లో కశ్మీర్ నుంచి తిరిగి వెళ్తుండగా దారిలోనే ఇంతిఖాల్ అయ్యాడు. లాహోర్ దగ్గర దఫన్ చేశారు.

ఈ షాహీ సఫర్లు ఎలా ఉండేవో ఫ్రెంచ్ హకీమ్ బెర్నియర్ రాశాడు. 1665లో ఔరంగజేబ్ కాఫిలాతో పాటు ఆయన పీర్ పంజాల్ దాటాడు. అంత ఇరుకు దారిలో ఒంటెలు పనికిరావు, అందుకని వేల మంది హమాల్‌లను పోగుచేశారు. ఖైమాలు, వంట పాత్రలు, దస్తర్‌ఖాన్ సామాను అంతా వాళ్ళ వీపుల మీదే కొండ ఎక్కింది. ఎక్కే చోట ఒక ఏనుగు బెదిరి వెనక్కి తగ్గింది. దాని వెనక ఉన్నవి ఒకదాన్నొకటి తోసుకుని, జనానాను మోస్తున్న ఏనుగులు లోయలో పడిపోయాయి. కొందరు స్త్రీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఔరంగజేబ్ మళ్ళీ ఎప్పుడూ కశ్మీర్ రాలేదు.

డల్ పడమటి ఒడ్డున ఉన్న హజ్రత్‌బల్‌కు మన దక్కన్‌తో ఒక రిష్తా ఉంది. మొదట అక్కడ ఉన్నది 1623లో సాదిఖ్ ఖాన్ వేయించిన బాగ్, మహల్. తర్వాత షాహ్‌జహాన్ దాన్ని ఇబాదత్‌గాహ్ చేయించాడు. అక్కడి మూయె ముఖద్దస్ మదీనా నుంచి బీజాపూర్ వచ్చి, బీజాపూర్ నుంచి ఖ్వాజా నూరుద్దీన్ ఈషాయీ అనే కశ్మీరీ తాజిర్ చేతికి చేరి, చివరికి 1699–1700 ప్రాంతంలో కశ్మీర్ చేరిందని రివాయత్. అంటే మన కృష్ణా తీరపు దక్కన్ గుండా వెళ్ళిన అమానత్ అది. 1963 డిసెంబర్ 27న అది కనపడకుండా పోయినప్పుడు గడ్డకట్టే చలిలో లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు. 1964 జనవరి 4న దొరికింది. ఇప్పుడు కనిపించే తెల్లటి సంగెమర్మర్ ఇమారత్ 1979లో పూర్తయింది.

1846లో అమృత్‌సర్ ఒప్పందం ప్రకారం ఈస్టిండియా కంపెనీ 75 లక్షల నానక్‌షాహీ రూపాయలకు కశ్మీర్‌ను గులాబ్ సింగ్‌కు అప్పగించింది. మనుషులతో సహా ఒక వాదీ అమ్ముడుపోయింది. ఆ రాజ్యంలో బేగార్ మళ్ళీ భయంకరంగా పెరిగింది. గిల్గిత్‌లో ఉన్న ఫౌజ్‌కు ధాన్యం మోయడానికి గ్రామాల నుంచి రైతుల్ని పట్టుకుపోయేవారు. బుర్జిల్ కనుమ మంచులో చాలామంది తిరిగి రాలేదు. జమాబందీ అధికారిగా పనిచేసిన వాల్టర్ లారెన్స్ 1895లో అచ్చయిన తన కశ్మీర్ కితాబ్‌లో దీని గురించి వివరంగా రాశాడు.

సరిగ్గా అదే దినాల్లో ఇంగ్లీషు సాహెబ్‌లు గర్మీ గడపడానికి శ్రీనగర్ రావడం మొదలుపెట్టారు. వాళ్ళకు అక్కడ జమీన్ కొనే హక్కు లేదు. నేల మీద ఇల్లు కుదరకపోతే నీటి మీద కట్టుకుందాం అనుకున్నారు. అక్కడి హాంజీలు, అంటే పడవల బిరాదరీ, తరతరాలుగా డూంగా అనే చాప కప్పు పడవల్లో కాపురం ఉండేవారు. ఆ డూంగా దేవదారు చెక్క, పడక గది, భోజనాల గది తగిలించుకుని హౌస్‌బోట్ అయింది. సాహెబ్ వెళ్ళిపోయాడు, హౌస్‌బోట్ హాంజీకి మిగిలింది. ఈరోజు మనం లోపల మెహమాన్‌గా పడుకుంటే, వెనక చిన్న డూంగాలో ఆ ఖాందాన్ వంట చేస్తూ ఉంటుంది.

ఆటల సంగతి కూడా చెప్పాలి. 1890లో వచ్చిన టిండేల్ బిస్కో అనే మిషనరీ టీచర్ తన స్కూలు పిల్లలకు డల్ మీద తెడ్డు వేయడం, ఈత కొట్టడం నేర్పాలనుకున్నాడు. పెద్దింటి పిల్లలు ఒప్పుకోలేదు. తెడ్డు పట్టుకోవడం హాంజీ పని, మేము చేస్తే ఇజ్జత్ పోతుందన్నారు. తోలు బంతిని కాలితో తన్నడానికి కూడా మొదట నిరాకరించారు. ఎన్నో ఏళ్ళ పట్టుదల తర్వాత అదే స్కూలు పిల్లలు డల్ అడ్డంగా ఈదడం ఒక రివాజ్ అయింది. ఇప్పుడు మన పిల్లలు పెడల్ బోటు కోసం, కయాక్ కోసం మారాం చేస్తారు. అదే తెడ్డు ఒకప్పుడు చిన్నతనం, ఇప్పుడు మౌజ్. ఆ రెండు కాలాల్లోనూ తెడ్డుతోనే రోటీ సంపాదించుకున్న మనిషి హైసియత్ మాత్రం పెద్దగా మారలేదు.

ఇక డల్ సంగతి. బుడ్‌షాహ్ తవ్వించిన నల్లా మార్‌ను 1970లలో పూడ్చి రోడ్డు వేశారు. నీరు కదిలే ఒక దారి మూసుకుపోయింది. పైనుంచి మట్టి, షహర్ నుంచి మురుగు, హోటళ్ళ నుంచి గలాజత్ వచ్చి చేరుతున్నాయి. నాచు, కలుపు పెరుగుతున్నాయి. సరస్సు కుంచించుకుపోతోంది. దోష్ అంతా హాంజీల మీద వేయడం సులువు. కానీ ఆ సరస్సులో మనలాంటి మెహమాన్‌ల హిస్సా కూడా ఉంది. ప్రతి ప్లాస్టిక్ బాటిల్ కింద ఎవరో ఒక టూరిస్టు ఉన్నాడు.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గర బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చి చంపారు. సెలవులకు వెళ్ళిన మన ఆంధ్ర వాళ్ళు కూడా ఆ షహీదుల్లో ఉన్నారు. గుర్రం మీద మెహమాన్‌లను తిప్పి బతికే ఒక స్థానిక ముస్లిం మజ్దూర్ కూడా అక్కడే జాన్ ఇచ్చాడు. ఆ గమ్‌లో కశ్మీర్ బజార్లు తమంతట తామే బంద్ అయ్యాయి. మసీదుల నుంచి ఖండన వినిపించింది. తర్వాత నెలల తరబడి షికారాలు ఘాట్ దగ్గర ఖాళీగా ఊగాయి. అదే ఏడాది జూన్ 6న చీనాబ్ వంతెన మొదలై, కాట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు నడిచింది. ఇక మన ఇళ్ళ నుంచి ఆ సఫర్ ఇంకా ఆసాన్ అవుతుంది, ఇన్షా అల్లాహ్.

వెళ్ళే వాళ్ళకు నా గుజారిష్ కొంచెమే. ఫజర్ తర్వాత పడవలో కూరగాయల మండీకి వెళ్ళండి. పొద్దెక్కక ముందే బేరాలన్నీ పడవల మీదే అయిపోతాయి. షాలిమార్, నిషాత్ చూశాక కాఠీ దర్వాజాకు కూడా పిల్లల్ని తీసుకెళ్ళండి, ఆ కత్బా మీద ఏముందో చెప్పండి. హజ్రత్‌బల్‌లో అసర్ నమాజ్ చదివి, గట్టు మీద కాసేపు కూర్చోండి. మీ చెత్త మీ సంచిలోనే తిరిగి తెచ్చుకోండి. మోసం చేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు, రేటు ముందే అడగడం తప్పు కాదు. కానీ ఏడాదిలో నాలుగైదు నెలలే గిరాకీ ఉండే మనిషి దగ్గర, సగానికి కోసి గెలిచామనుకోవడం కమాల్ కాదు. చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలని మన ఇళ్ళలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఎంత ఇవ్వాలన్నది మన ఈమాన్‌కు వదిలిపెట్టిన హిసాబ్.

మరునాడు పొద్దున అమ్మీ నన్ను మళ్ళీ అదే ఘాట్‌కు పంపింది. ఆ చాచాను వెతికి, నేను కోసేసిన మిగతా సగం ఆయన చేతిలో పెట్టాను. ఆయన మొదట తీసుకోలేదు. అమ్మీ జాన్ పంపిందని చెప్పాక తీసుకుని, ఆమె కోసం దువా చేశాడు. ఆ తర్వాత ఫోటో తీసుకుంటానని ఇజాజత్ అడిగాను. ఇప్పుడు మా ఇంట్లో అబ్బా పాత క్యాలెండర్ వేలాడిన మేకుకు ఆ ఫోటో ఉంది. నీళ్ళు, పహాడ్లు కొంచెమే పడ్డాయి. మొహం మాత్రం సాఫ్‌గా కనపడుతుంది.