రేపటి చూపరి కోసం మ్యూజియం

మన బడిలో చదివిన చాలామందికి పాకాల అంటే విహారయాత్ర గుర్తుకొస్తుంది. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దం తొలినాళ్లలో, జగదాల ముమ్మడి ఈ చెరువు కట్టించాడని పాకాల శాసనం చెబుతోంది. ఇప్పటికీ పొలాలు తడుపుతోంది కాబట్టి ఊరు దాన్ని మరువలేదు. వాడుకలో ఉన్నదాన్ని జనమే కాపాడుకుంటారు. వాడుక తప్పినదాన్ని మాత్రం ఎవరో ఒకరు పూనుకొని దాచాలి. మ్యూజియం చేసే పని అదే.

మన ప్రాంతంలో ఈ పనికి నూరేళ్ల చరిత్ర ఉంది. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యజ్దానీకి అప్పగించింది. పాలంపేట గుడులపై ఆయన రాసిన గ్రంథం 1922లో వెలువడింది. 1930లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం ఏర్పడింది. నేటి రాష్ట్ర పురావస్తు మ్యూజియం అదే. అక్కడి ఈజిప్టు మమ్మీని చూడటానికి బడిపిల్లలు ఇప్పటికీ బారులు తీరుతారు.

సాలార్‌జంగ్ మ్యూజియం కథ వేరు. అది ఒక కుటుంబం సేకరించిన సంపద. మూడో సాలార్‌జంగ్ 1949లో మరణించాక, 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా దివాన్ దేవిడీలో అది ప్రజలకు తెరుచుకుంది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారింది. నవాబు అతిథులు చూసిన వస్తువులను ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చిన రైతులు చూడసాగారు. అక్కడి గడియారం గంట కొట్టే వేళకు జనం ముందే వచ్చి కూర్చుంటారు. కదిలే వస్తువుకూ, కథ ఉన్న వస్తువుకూ చూపరులు ఎప్పుడూ ఉంటారని దీన్నిబట్టి తెలుస్తుంది.

రాబోయేదాన్ని ముందే ఊహించి సిద్ధపడటానికి నాగార్జునకొండ మంచి ఉదాహరణ. సాగర్ నీటిలో లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను ఎత్తైన చోటికి తరలించి మళ్లీ నిలిపారు. నీళ్లు వచ్చాక ఆలోచించి ఉంటే చేయడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇప్పుడు చూపరులు మారుతున్నారు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు రావడంతో ప్రపంచం దృష్టి మన వైపు తిరిగింది. సాలార్‌జంగ్ వస్తువులను నర్సంపేటలోని పిల్లవాడు ఫోన్‌లోనే చూడగలడు. 2022లో ప్రేగ్‌లో అంతర్జాతీయ మ్యూజియంల మండలి మ్యూజియానికి కొత్త నిర్వచనం ఆమోదించింది. మ్యూజియం అందరికీ అందుబాటులో ఉండాలని, స్థానిక సమాజాల భాగస్వామ్యంతో నడవాలని అందులో ఉంది. అంటే చక్రాల కుర్చీ వెళ్లే దారి, చూపు లేనివారు తాకి తెలుసుకునే నమూనా, పెద్ద అక్షరాల తెలుగు పలక కూడా మ్యూజియానికి అవసరమే.

మన ఇళ్ల సంగతి చూద్దాం. 1956 చట్టంతో దశాంశ కొలతలు వచ్చాక సోల, తవ్వ, మానిక, కుంచం క్రమంగా మూలకు చేరాయి. మోటలు పోయి మోటార్లు వచ్చాయి. విసుర్రాళ్లు, కవ్వాలు పాత సామాన్ల బండికి పోతున్నాయి. పాత పెట్టెల్లోని ఉర్దూ కాగితాలను చదవగలిగేవారు ఏటేటా తగ్గిపోతున్నారు. కుంచం దొరకవచ్చు, కానీ దానితో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఏమని లెక్కపెట్టేవారో చెప్పే మనిషి రేపు దొరకడు.

అందుకే ఈ స్వర్ణోత్సవం సందర్భంగా ఒక మనవి. మన బడిలో ఒక గదిని ఇందుకు కేటాయించుకుందాం. పాత హాజరు పట్టికలు, తరగతి ఫొటోలు, మన ఇళ్ల పనిముట్లు అక్కడికి చేర్చుదాం. ప్రతి వస్తువుతో పాటు దాని పేరు, వాడినవారు, వాడిన తీరు ఒక కాగితంపై రాసిద్దాం. పెద్దల మాటలను ఫోన్‌లో రికార్డు చేద్దాం. వచ్చినవారికి వివరించే బాధ్యత తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగిద్దాం. పొలంలో పాత నాణేలు, నిధి దొరికితే మాత్రం 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి, మన గదిలో పెట్టకూడదు.

దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. మన గురువులు, తల్లిదండ్రులు మన మధ్య ఉండగానే మొదలుపెట్టడం ముఖ్యం. వచ్చే సమ్మేళనానికి తలా ఒక వస్తువు, దాని కథ రాసిన కాగితంతో వస్తే ఆ గది సగం నిండినట్టే.