మీటరు చెప్పని లెక్క

ఒక ఇంటిని ముగ్గురు స్నేహితులు కలిసి అద్దెకు తీసుకున్నారనుకుందాం. వంటగది, నీళ్ళ మోటారు, కరెంటు మీటరు అన్నీ ఉమ్మడివే. ఒకడు తెల్లవారుజామున పనికి వెళ్ళి, రాత్రి వచ్చి, దీపమార్పి పడుకునేవాడు. రెండవవాడు ఇంటిపట్టున ఉండి పరీక్షలకు చదువుకునేవాడు. మూడవవాని గదిలో ఏసీ ఉన్నది. నెల తిరిగేసరికి ముగ్గురికీ కలిపి ఒకే బిల్లు వస్తుంది. దానిని మూడుతో భాగించటం చాలా సులువు. మొదటివానికి అది అన్యాయంగా తోచటం అంతకంటె సులువు. “ఎవరు వాడుకున్నది వారు ఇచ్చుకుంటే సరిపోతుంది గదా!” అని పెద్దలు తీర్పు చెబుతారు. తీర్పు బాగానే ఉన్నది. అయితే వాడకాన్ని బట్టి ఖర్చు ఏర్పడుతుందా? ఈ ప్రశ్న విద్యుద్దీపం పుట్టిన కొద్ది సంవత్సరాలకే పుట్టింది. దానికి సమాధానం వెదకుతూ ఇంజనీర్లు, ఆ తరువాత గణితజ్ఞులు ఒక శతాబ్దానికి పైగా గడిపినారు.

1882 సెప్టెంబరు 4న న్యూయార్కు నగరంలోని పెర్ల్ వీధిలో ఎడిసన్ తన విద్యుత్కేంద్రాన్ని ప్రారంభించాడు. ఆ రోజుల్లో కొన్ని కంపెనీలు దీపానికింత అని నెలకు వసూలు చేసేవి. అటువంటి పద్ధతిలో దీపమార్పవలసిన అవసరం ఎవరికీ కనబడదు. రాత్రంతా వెలిగించినవాడూ, గంటసేపు వెలిగించినవాడూ ఒకే రుసుము చెల్లిస్తారు. ఎడిసన్‌కు ఇది నచ్చలేదు. గ్యాసుకు ఉన్నట్లే విద్యుత్తుకూ ఒక కొలత ఉండాలని ఆయన పట్టుదల.

ఆయన చేసిన మీటరు రసాయన శాస్త్రం చదివే విద్యార్థికి వెంటనే అర్థమవుతుంది. గాజు పాత్రలో జింకు సల్ఫేటు ద్రావణం, అందులో రెండు జింకు పలకలు. ఇంటికి పోయే విద్యుత్తులో తెలిసిన కొద్దిపాటి భాగాన్ని ఈ పాత్ర గుండా పోనిస్తారు. విద్యుత్తు ప్రవహించిన కొద్దీ ఒక పలక నుండి జింకు కరిగి రెండవ పలక మీద చేరుతుంది. ఎంత విద్యుత్తు పోతే అంత జింకు కదులుతుందని ఫారడే 1830 దశకంలోనే నిరూపించి ఉన్నాడు. కంపెనీ మనిషి నెలకొకసారి వచ్చి పలకలు తీసుకుపోయి, సున్నితమైన త్రాసులో తూచేవాడు. బరువులో తేడాయే బిల్లు. చలికాలంలో ద్రావణం గడ్డకట్టకుండా మీటరు పెట్టెలో వెచ్చదనానికి ఒక దీపం కూడా పెట్టేవారు. ఇంత చేసినా ఇంటి యజమానికి ఆ పెట్టెలో చదువుకోదగిన అంకె ఒక్కటీ కనబడేది కాదు. కంపెనీ త్రాసును నమ్మవలసిందే. బిల్లు మీద అనుమానం బిల్లంత పాతదే నన్నమాట!

ఈ పరికరం ఏకముఖ విద్యుత్తుకే పనికివచ్చేది. ఏకాంతర విద్యుత్తుకు 1888లో అమెరికాలో షాలెన్‌బర్గర్, 1889లో బుడాపెస్టులో బ్లాతీ మీటర్లు తయారుచేశారు. ఇళ్ళ గోడల మీద గిరగిర తిరిగే అల్యూమినియం చక్రపు మీటరుకు ఇవే పూర్వీకులు. ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చేదాకా ఆ చక్రమే ఇంటింటి లెక్క చెప్పింది.

ఇక కొలత సమస్య తీరింది కాబట్టి న్యాయం కూడా కుదిరిందని అందరూ భావించి ఉండవచ్చు. కుదరలేదని చెప్పినవాడు జాన్ హాప్కిన్సన్ అనే ఆంగ్ల ఇంజనీరు. 1892లో లండనులో యువ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడుగా ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన విద్యుత్ సరఫరా ఖర్చును రెండుగా విడదీశాడు. బొగ్గు వంటిది వాడకంతో పాటు పెరిగే ఖర్చు. యంత్రాలు, భూమిలో వేసిన తీగలు, ఎవరు ఎప్పుడు మీట నొక్కినా విద్యుత్తు అందించటానికి సిద్ధంగా ఉంచవలసిన బాయిలర్లు - ఇదంతా ఒక్క యూనిట్టు అమ్మకపోయినా అయ్యే ఖర్చు.

దీనిలోని సూక్ష్మం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక ఇంట్లో 60 వాట్ల దీపం ఒక్కటే 10 గంటలు వెలిగింది. పక్క ఇంట్లో అటువంటి దీపాలు 10 ఒకేసారి ఒక్క గంట వెలిగాయి. రెండిళ్ళ మీటర్లూ 600 వాట్-గంటలే చూపుతాయి. కాని రెండవ ఇంటికోసం విద్యుత్కేంద్రం పదిరెట్లు పెద్ద యంత్రాన్ని సిద్ధం చేసుకోవాలి; ఆ యంత్రం మిగిలిన 23 గంటలూ ఊరక ఉండవచ్చు. మీటరు అబద్ధం చెప్పలేదు, అడిగినదానికే సమాధానం చెప్పింది. కాబట్టి బిల్లులో ఒక భాగం గరిష్ఠ వాడకాన్ని బట్టి, మరొక భాగం యూనిట్లను బట్టి ఉండాలన్నాడు హాప్కిన్సన్. ఆయన 1898లో ఆల్ప్స్ పర్వతాలలో జరిగిన ప్రమాదంలో తన ముగ్గురు బిడ్డలతో సహా మరణించాడు. ఆ పద్ధతికి మాత్రం ఆయుష్షు ఎక్కువ. బ్రైటన్ పట్టణంలో ఆర్థర్ రైట్ గరిష్ఠ వాడకాన్ని చూపే పరికరాన్ని నిర్మించి దానిని ఆచరణలో పెట్టాడు. 1894లో అక్కడకు వచ్చిన శామ్యూల్ ఇన్సల్ దాన్ని చూచి షికాగోకు తీసుకుపోయాడు. ఈనాడు కరెంటు బిల్లులలో కనిపించే స్థిర ఛార్జీ ఈ ఆలోచనకు వారసురాలే.

ముగ్గురు స్నేహితుల ఇంటికి దీనిని అన్వయిస్తే, యూనిట్లతో నిమిత్తం లేని ఆ మొత్తాన్ని సమానంగా పంచుకోవటం సబబుగానే ఉంటుంది. ఏసీ కోసమే ఎక్కువ లోడు తీసుకొని ఉంటే ఆ పెరుగుదల మాత్రం ఏసీ గదిదే.

అయితే కొన్ని ఉమ్మడి ఖర్చులను ఇట్లా విడదీయటం కుదరదు. 1933లో అమెరికా ప్రభుత్వం టెన్నెసీ లోయ అధికార సంస్థను నెలకొల్పినప్పుడు ఈ చిక్కు భారీగా ఎదురైంది. ఒకే ఆనకట్ట వరదను ఆపుతుంది, పడవలకు దారి ఇస్తుంది, విద్యుత్తునూ ఇస్తుంది. కాంక్రీటులో ఏ గంప వరదది, ఏ గంప విద్యుత్తుది? దీనిమీద తర్జనభర్జనలు పడిన నిపుణులు రెండు హద్దులు గీశారు. ఏ ప్రయోజనమూ తాను విడిగా కట్టుకుంటే అయ్యేదానికంటె ఎక్కువ చెల్లించరాదు. తాను చేరటం వల్ల పెరిగిన ఖర్చు కంటె తక్కువా చెల్లించరాదు. తరువాత కాలంలో గణితజ్ఞులు క్రీడా సిద్ధాంతంలో కనుగొన్న ఒక ముఖ్య భావన ఈ ఇంజనీర్ల కాగితాలలో అప్పటికే ఉన్నదని 1981లో ఇద్దరు పరిశోధకులు చూపించారు.

హద్దులు సరే, వాటి మధ్య కచ్చితమైన వాటా ఏది? 1953లో లాయిడ్ షాప్లీ ఒక మార్గం చెప్పాడు. భాగస్వాములు ఒకరి తరువాత ఒకరు వస్తున్నట్లు ఊహించి, ప్రతివాడూ తన రాకతో పెరిగిన ఖర్చును భరించాలి. ముందు వచ్చినవాడు నష్టపోకుండా, రాదగిన వరుసలన్నీ వేసి సగటు తీయాలి. షాప్లీకి 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1973లో లిటిల్‌చైల్డ్, ఓవెన్ అనేవారు విమానాశ్రయాలకు ఈ సూత్రాన్ని వర్తింపజేస్తే లెక్క ఆశ్చర్యకరంగా తేలికైపోతుందని కనిపెట్టారు. పెద్ద విమానానికి పొడవాటి రన్‌వే కావాలి, చిన్నదానికి అందులో కొంత చాలు. రన్‌వేలో ఒక్కొక్క ముక్క ఖర్చును ఆ ముక్క అవసరమైన విమానాలు మాత్రమే సమానంగా పంచుకుంటే షాప్లీ సగటే వస్తుంది. ఈ లిటిల్‌చైల్డే 1989లో బ్రిటనులో విద్యుత్ సరఫరాకు తొలి నియంత్రణాధికారి కావటం కథకు తగిన మలుపు.

మూడంతస్తుల ఇంటికి నీళ్ళ గొట్టం వేయించేవారికి ఈ రన్‌వే లెక్కే చాలు. మొదటి అంతస్తు వరకు 3,000 రూపాయలు, రెండవదాని వరకు 6,000, మూడవదాని వరకు 9,000 అవుతుందనుకుందాం. సమానంగా పంచితే మనిషికి 3,000. మొదటి అంతస్తువాడు ఒంటరిగా వేయించుకున్నా అంతే అయ్యేది. కలవటం వల్ల అతనికి దక్కినదేమీ లేదు. ముక్కల పద్ధతిలో మొదటి 3,000 ముగ్గురికి, తరువాతి 3,000 ఇద్దరికి, చివరి 3,000 ఒక్కనికి. వాటాలు 1,000, 2,500, 5,500 రూపాయలు. ఆరు వరుసలూ వేసి సగటు తీసినా ఇవే అంకెలు వస్తాయి. విద్యార్థులు చేసి చూడవచ్చును.

మళ్ళీ కరెంటు బిల్లు. మన దేశంలో ఇళ్ళకు ధరలు సాధారణంగా మెట్లు మెట్లుగా ఉంటాయి. వాడకం పెరిగిన కొద్దీ తరువాతి యూనిట్టు ధర పెరుగుతుంది. లెక్క కోసం మొదటి 100 యూనిట్లకు 2 రూపాయలు, తరువాతి 100కు 4, ఆ పైన 6 చొప్పున అనుకుందాం. మన ముగ్గురూ 30, 60, 150 యూనిట్లు వాడారు. మొత్తం 240 యూనిట్లు, బిల్లు 840 రూపాయలు. తలకింత అంటే 280. యూనిట్ల నిష్పత్తిలో అయితే 105, 210, 525. పెద్దల తీర్పు ఇదే గదా! కాని 30 యూనిట్లవాడు విడిగా ఉంటే చెల్లించేది 60 రూపాయలే. తన స్విచ్చు తాను ఆర్పుకున్నా, పక్కగది ఏసీ బిల్లును పై మెట్టు ఎక్కించినందుకు 45 రూపాయలు ఎక్కువ ఇస్తున్నాడు.

1992లో ఎర్వే మూలాన్ అనే అర్థశాస్త్రజ్ఞుడు, స్కాట్ షెంకర్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు కలిసి ఇటువంటి ఖర్చుకు ఒక వరుస పద్ధతి ప్రకటించారు. ముందు ముగ్గురూ 30 చొప్పునే వాడినట్లు భావించాలి: 90 యూనిట్లు, 180 రూపాయలు, తలకు 60. మొదటివాని లెక్క అంతటితో సరి. తరువాత మిగిలిన ఇద్దరూ 60 చొప్పున వాడినట్లు భావిస్తే మొత్తం 150 యూనిట్లు, 400 రూపాయలు. పెరిగిన 220 ఆ ఇద్దరిదీ. మిగిలిన 440 మూడవవానిది. వాటాలు 60, 170, 610. ఏసీ ఇంకో వంద యూనిట్లు మింగినా మొదటివాని 60 చెక్కుచెదరదు.

మూడవవాడు ఊరుకుంటాడా? చవక యూనిట్లన్నీ మీకు, ఖరీదైనవి నాకా అంటాడు. అతని మాటలోనూ కొంత నిజం ఉన్నది: విడి మీటరు ఉంటే అతనికి 400 రూపాయలే అయ్యేది. ముగ్గురికీ విడివిడిగా మీటర్లుంటే మొత్తం 580. అంటే ఒకే మీటరు మీద ఉండటానికే ఈ ఇల్లు 260 రూపాయలు చెల్లిస్తున్నది. వరుస పద్ధతి అందులో 50 రెండవవానికి, 210 మూడవవానికి వేసింది. విడి మీటర్లకు స్థిర ఛార్జీలు మూడు అవుతాయి గనుక, ఏది లాభమో చూడటానికి ముందు ఆ రెండు మొత్తాలనూ పక్కపక్కన వ్రాసుకోవాలి.

ఇంత లెక్కకూ మూలం 30, 60, 150 అనే అంకెలు. గదికొక ఉపమీటరు లేనప్పుడు వాటిని అంచనా కట్టాలి. 75 వాట్ల పంకా రోజుకు 8 గంటల చొప్పున 30 రోజులు తిరిగితే 18 యూనిట్లు. 40 వాట్ల దీపం 5 గంటల చొప్పున వెలిగితే 6 యూనిట్లు. ఏసీకి ఈ గుణకారం అంతగా పనికిరాదు. దాని కంప్రెసరు ఆగుతూ సాగుతూ ఉంటుంది కాబట్టి చీటీ మీది వాట్లను గంటలతో గుణిస్తే తరచుగా అసలు కంటె ఎక్కువ వస్తుంది. ఉపమీటరు ఒక్కటే కొనగలిగితే దానిని ఏసీకే పెట్టటం మేలు. వంటగదిలోని ఫ్రిజ్ మాత్రం ఇంట్లో ఎవరూ లేని పగటిపూట కూడా ముగ్గురి పేరా తిరుగుతూనే ఉంటుంది. దాని యూనిట్లను మూడు భాగాలు చేసి, పైలెక్కకు ముందే ఒక్కొక్కరి అంకెలో కలుపుకోవాలి.