పనితీరు ఆధారిత రహదారి నిర్వహణ కాంట్రాక్టు

చేసిన పని పరిమాణాన్ని బట్టి కాక, రోడ్డును నిర్ణీత ప్రమాణంలో నిలిపి ఉంచినందుకు ప్రభుత్వం కాంట్రాక్టరుకు ప్రతిఫలం చెల్లించే దీర్ఘకాలిక ఒప్పంద పద్ధతి. పాత పద్ధతిలో వేసిన కంకర, తారు కొలిచి, ఎం.బుక్ (కొలతల పుస్తకం)లో నమోదు చేసి, ఆ మేరకు బిల్లు మంజూరు చేస్తారు. ఈ కొత్త పద్ధతిలో ఆ కొలతల స్థానంలో గుంతలు, పగుళ్లు, అంచుల కోత, కాలువల పూడిక తనిఖీకి వస్తాయి. ఉపరితలపు ఎగుడుదిగుళ్లను బంప్ ఇంటిగ్రేటర్‌తో కిలోమీటరుకు ఇన్ని మిల్లీమీటర్లని లెక్కిస్తారు. గుంతను గడువులోగా పూడ్చకపోతే చెల్లింపులో కోత పడుతుంది. సామగ్రి, పని విధానాల ఎంపిక చాలావరకు కాంట్రాక్టరుదే.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 1988లో రోడ్ల నిర్వహణను ప్రైవేటు సంస్థలకు అప్పగించడాన్ని దీనికి తొలి మెట్టుగా చెబుతారు. 1990వ దశకంలో అర్జెంటీనా ‘క్రెమా’ పేరిట పునరుద్ధరణను, నిర్వహణను ఒకే ఒప్పందంలో కలిపింది; 1995లో సిడ్నీ, 1998లో న్యూజిలాండ్ పదేళ్ల ఒప్పందాలు చేసుకున్నాయి. భారతదేశంలో పంజాబు రాష్ట్రం సంగ్రూర్–మాన్సా–బఠిండా ప్రాంతపు రోడ్లకు దీన్ని అమలు చేసింది. ప్రపంచబ్యాంకు రుణంతో సాగిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రహదారుల ప్రాజెక్టులోనూ ఇలాంటి నిర్వహణ కాంట్రాక్టులు అమలయ్యాయి.

ఈ పద్ధతిలో చిక్కులూ ఉన్నాయి. రోడ్డు ప్రారంభ స్థితి సర్వే లోపిస్తే చెల్లింపుల్లో కోతలన్నీ వివాదాలవుతాయి. అధిక లోడు లారీలు, వరదల వల్ల కలిగే నష్టం ఎవరు భరించాలన్నది ఒప్పందంలోనే తేల్చాలి. పెద్ద ప్యాకేజీల వల్ల చిన్న కాంట్రాక్టర్లు తరచు ఉపకాంట్రాక్టులకే పరిమితమవుతారు.