నిండా పోస్తే చాలు అనుకున్న కాలం: ఫార్టీఫోర్-ఫార్టీ తూటా కథ

కౌబాయ్ సినిమాలు చూసే ఉంటారు కదా. హీరో నడుముకి రివాల్వర్, గుర్రం జీను పక్కన ఒక పొట్టి రైఫిల్, బెల్టులో వరసగా తూటాలు. ఎప్పుడైనా డౌట్ వచ్చిందా, ఆ తూటాలు రివాల్వర్‌వా, రైఫిల్‌వా అని? చాలామందికి రెండిటికీ అవే. ఇవాళ ఆ తూటా గురించి, దాన్ని ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని తయారుచేసుకున్న మనుషుల గురించి మాట్లాడుకుందాం.

మందుగుండు అంటాం చూడండి, ఆ మాటలోనే సగం విషయం ఉంది. మందు వేరు, గుండు వేరు. ఈ రెండిటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, నాలుగూ కలిస్తే తూటా. పేలాక మందు కాలిపోతుంది, గుండు ఎగిరిపోతుంది, ప్రైమర్ అయిపోతుంది. గొట్టం మాత్రం చేతిలో మిగులుతుంది. నాలుగింటిలో ఖరీదైనది అదే!

1860 నాటి హెన్రీ రైఫిల్‌లో గొట్టం మిగిలినా లాభం లేదు. నిప్పు పుట్టించే రసాయనం దాని అంచులోనే ఉండేది, ఒకసారి దెబ్బ తగిలితే ఇక పారెయ్యడమే. 1873లో వించెస్టర్ కంపెనీ తెచ్చిన రైఫిల్ ఆ లెక్క మార్చింది. ప్రైమర్ గొట్టం అడుగున మధ్యలో, విడిగా ఉంటుంది. పాతది పీకి కొత్తది నొక్కితే చాలు. ఆ తూటానే ఫార్టీఫోర్-ఫార్టీ. మొదటి అంకె గుండు లావుని చెప్తుంది, రెండోది మందు బరువు, 40 గ్రెయిన్లు, అంటే సుమారు రెండున్నర గ్రాములు. గుండు 200 గ్రెయిన్లు, 13 గ్రాములు. 1878 నుంచి కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌ని కూడా ఇదే తూటాకి అమర్చి అమ్మింది.

ఊరికి దూరంగా పశువులు కాసుకునేవాడికి ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. కొట్టుకి వెళ్లాలంటే రోజుల ప్రయాణం. వించెస్టర్ వాళ్లే గుండు అచ్చు, ప్రైమర్ మార్చే పనిముట్టు అమ్మేవారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. కాస్త తగరం కలిపితే అచ్చులో చక్కగా నిండుతుంది, కొంచెం గట్టిపడుతుంది కూడా. గుండు చుట్టూ ఉన్న గాడుల్లో తేనెమైనం, కొవ్వు లాంటి జిడ్డు పూస్తారు. ఈ జిడ్డు మనకి కొత్తేం కాదండోయ్. 1857లో సిపాయిలు నోటితో కొరకమంటే మండిపడింది ఇలాంటి తూటా జిడ్డు మీదే, అందులో ఆవు కొవ్వు, పంది కొవ్వు ఉన్నాయన్న మాట మీదే.

ఇక మందు. గంధకం, బొగ్గు, పెట్లుప్పు కలిపిన పాతకాలపు నల్ల మందు అది. దాన్ని గరిటెతో కొలిచి గొట్టం నిండా పోసేవారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో కథంతా ఇక్కడే ఉంది. గొట్టమే కొలపాత్ర. ఎక్కువ పొయ్యాలన్నా చోటు లేదు, కాబట్టి చెయ్యి తప్పినా పెద్ద ప్రమాదం రాదు. పైగా కింద గట్టిగా నిండిన మందు మీదే గుండు కూర్చుంటుంది, లోపలికి జారదు. ఈ రైఫిల్‌లో తూటాలన్నీ గొట్టపు మ్యాగజైన్‌లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, స్ప్రింగు వాటిని నెడుతూనే ఉంటుంది. గుండు ముక్కు చదునుగా ఉండటానికి కారణమూ ఇదే. సూదిగా ఉంటే ముందున్న తూటా ప్రైమర్‌ని పొడిచి పేల్చే ప్రమాదం ఉంది.

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ పొగరాని మందు తయారుచేశాడు. కొన్నేళ్లలో అది అమెరికాకీ చేరింది. కొంచెం వేస్తే చాలు, బోలెడు శక్తి. అంటే ఏమైందన్నమాట? గొట్టం ఇక కొలపాత్ర కాదు. పాత అలవాటుతో పాత గరిటె ముంచి నిండా పోస్తే తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది. కళ్లు, వేళ్లు పోతాయి. గుండు కింద ఇప్పుడు ఖాళీ కదా, ఆసరా కూడా పోయింది. స్ప్రింగు నొక్కుడికి గుండు లోపలికి జారితే పీడనం పెరుగుతుంది. అందుకే గొట్టం మూతిని గుండు చుట్టూ గట్టిగా నొక్కాల్సి వచ్చింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 మోడల్ రైఫిల్ బలమైనది. దానికోసం 20వ శతాబ్దం మొదట్లో వించెస్టర్ ఎక్కువ వేగం ఇచ్చే ఫార్టీఫోర్-ఫార్టీ తూటాలు అమ్మింది. 1873 రైఫిల్‌లోనూ రివాల్వర్‌లోనూ వాడొద్దని హెచ్చరిక ఇచ్చింది. బాగానే ఉంది. కానీ కొలతలు అవే, వాటిలోకీ చక్కగా దూరుతాయి. ఒకే తూటా అన్న నమ్మకం మీద ముప్పై ఏళ్లు బతికినవాడు జేబులోంచి తీసిన ప్రతి తూటా అడుగునా అక్షరాలు చదువుతాడా?

ఇంట్లో పోసిన సీసపు గుండుకీ కొత్త కష్టాలే. వేగం పెరిగితే మెత్తటి సీసం గొట్టం లోపల పూతలా అంటుకుంటుంది, గురి చెడుతుంది. ఐడియల్ కంపెనీ పెట్టిన జాన్ బార్లో గుండు అడుగున తొడిగే చిన్న రాగి టోపీ తెచ్చాడు. కొందరు పత్రికాఫీసుల నుంచి పాత లైనోటైపు లోహం కొనుక్కొచ్చి కలిపారు. అందులో 12 శాతం ఆంటిమొనీ, సీసాన్ని గట్టిపరిచేది అదే. నిన్నటి వార్త అచ్చయిన అక్షరాలు ఇవాళ గుండ్లు!

పొడుగు గొట్టం రైఫిల్‌కి ఒక వేగం, పొట్టి రివాల్వర్‌కి ఇంకో వేగం. గొట్టాల లోపలి కొలతల్లోనూ తేడాలే. అందుకే ఈ పని చేసేవాళ్లు మెత్తటి సీసాన్ని గొట్టంలోంచి దూర్చి, బయటికొచ్చాక కొలిచి, దానికి తగ్గ గుండు పోసుకునేవారు. మందు కొలిచే గరిటె పక్కన త్రాసు కూడా పెట్టుకోవాల్సి వచ్చింది.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం ఆయుధాల చట్టం, 1959 ప్రకారం నేరం. ఇది చరిత్ర కాబట్టి చెప్పుకున్నాం, ప్రయోగాలు వద్దు.