అవార్డు ఎవరికి రావాలి: యూసుఫ్‌గూడ చుట్టూ ఒక చర్చ, దాని చరిత్ర

సినిమా అవార్డుల మీద జనం వేసే అంచనాలు రెండు రకాలు. ఎవరికి వస్తుందన్నది ఒకటి, ఎవరికి రావాలన్నది రెండోది. మొదటిదానికి జ్యూరీ ధోరణి, నిబంధనలు, ఆ ఏడు వీచే గాలి తెలిసి ఉండాలి. రెండోదానికి సినిమా తెలిస్తే చాలు. తెలుగునాట ఈ రెండూ ఎప్పుడూ కలిసే నడిచాయి. అయితే అరవై ఏళ్ల చరిత్ర చూస్తే, వచ్చినవారికీ రావలసినవారికీ మధ్య దూరాన్ని పెంచింది జ్యూరీల అభిరుచి ఒక్కటే కాదు. ఏ విభాగానికి అవార్డు ఉంది, ఏ తేదీని లెక్కలోకి తీసుకుంటారు, సర్కారు ఎవరిది అన్న సంగతులు అంతకన్నా ఎక్కువ పెంచాయి.

ఈ చర్చ బతుకుతెరువుతో ముడిపడిన చోటు హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ, దాన్ని ఆనుకుని ఉన్న కృష్ణానగర్. అమీర్‌పేట నుంచి యూసుఫ్‌గూడకు వెళ్లే దారిలో, ఎల్లారెడ్డిగూడ దగ్గర సారథి స్టూడియో ఉంది. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీసిన సారథి సంస్థ పేరే దానిదీ. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ అండతో మొదలైన సంస్థ అది. తెలుగు సినిమా అంతా మద్రాసులో ఉన్న 1950ల చివర్లో ఈ స్టూడియో ఇక్కడ వెలిసింది. పూర్తిగా హైదరాబాద్‌లో తీసిన తొలి తెలుగు చిత్రంగా పేరున్న ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) తయారైంది ఇక్కడే. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో తెరిచాక ఈ ప్రాంతం రూపే మారిపోయింది. రెండు స్టూడియోలకూ నడిచి వెళ్లగల దూరంలో, తక్కువ అద్దెకు గది దొరికే చోటు కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మేన్లు, ఫైటర్లు, డాన్సర్లు, ప్రొడక్షన్ మేనేజర్లు, ఛాన్సుల కోసం తిరిగే అసిస్టెంట్ డైరెక్టర్లు అక్కడే చేరారు. సినిమా 24 క్రాఫ్టుల పని అంటారు. ఆ క్రాఫ్టుల్లో చాలావాటికి మనుషులు ఈ వీధుల నుంచే వెళ్లారు.

హైదరాబాద్‌లో సినిమా వేళ్లూనుతున్న రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నంది అవార్డులు పెట్టింది. లేపాక్షిలోని ఏకశిలా నంది వాటికి గుర్తు. 1964 చిత్రాలతో అవి మొదలయ్యాయి. తొలి బంగారు నంది ‘డాక్టర్ చక్రవర్తి’కి వచ్చింది. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో అన్నపూర్ణ సంస్థ తీసిన చిత్రం అది. ఉత్తమ చిత్రం ఒక్కటే అనకుండా బంగారు, వెండి, కంచు నందులని మూడు మెట్లు పెట్టడం మంచి ఆలోచన. ఒకే ఏడాది రెండు మూడు మంచి సినిమాలు వచ్చినప్పుడు ఈ పద్ధతి వల్ల కొంత న్యాయం జరిగింది.

తొలి ఏళ్ల నంది ఎంపికలు ఈనాటికీ నిలబడతాయి. 1965లో ‘అంతస్తులు’, 1966లో బి.ఎన్.రెడ్డి ‘రంగులరాట్నం’, 1967లో ‘సుడిగుండాలు’ బంగారు నంది అందుకున్నాయి. ఆ మూడేళ్లూ జాతీయ అవార్డుల్లో ఢిల్లీ జ్యూరీ ఉత్తమ తెలుగు చిత్రాలుగా ఎంచుకున్నదీ వీటినే. ముఖ్యంగా ‘సుడిగుండాలు’ ఆదుర్తి, అక్కినేని కలిసి ప్రయోగంగా తీసిన చిత్రం. దానికి డబ్బులు రాలేదు. బాక్సాఫీసు వదిలేసిన సినిమాను గుర్తుపెట్టుకోవడమే ప్రభుత్వ అవార్డు చేయవలసిన మొదటి పని అనుకుంటే, నంది నాలుగో ఏటికే ఆ పని చేసింది.

కానీ ఆ నందులు నటులకు కావు. ఉత్తమ నటుడి నంది 1970ల చివరికి గానీ రాలేదు. ‘అమరదీపం’ (1977)కు కృష్ణంరాజు దానికి తొలి విజేత. ఈ ఒక్క ఆలస్యం తెలుగు సినిమా అవార్డుల చరిత్రలో అతి పెద్ద ఖాళీని మిగిల్చింది. ఎస్.వి.రంగారావు 1974 జులైలో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో ఉత్తమ నటుడి నంది అన్నదే లేదు. జాతీయ స్థాయిలోనూ నటీనటులకు విడిగా అవార్డులు 1967 చిత్రాలతోనే మొదలయ్యాయి. అంటే ‘పాతాళభైరవి’ మాంత్రికుడికి గానీ, ‘మాయాబజార్’ ఘటోత్కచుడికి గానీ, ‘నర్తనశాల’ కీచకుడికి గానీ రాష్ట్రంలోనూ దేశంలోనూ అవార్డు ఇచ్చే విభాగమే లేదు. ఆ కీచకుడిని గుర్తించింది ఇండోనేషియా. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో రంగారావుకు ఉత్తమ నటుడి బహుమతి, అదే చిత్రానికి కళా దర్శకుడు టి.వి.ఎస్.శర్మకు ఉత్తమ కళా దర్శకుడి బహుమతి దక్కాయి. ఆ తర్వాత నంది అవార్డుల్లో ఉత్తమ క్యారెక్టర్ నటుడి పురస్కారానికి ఎస్.వి.రంగారావు పేరు పెట్టారు. అందుకోవలసిన మనిషి పేరు అవార్డుకు పెట్టడం గౌరవమే గానీ, అది ఆ లోటును తీర్చదు. ఆయనే కాదు, సావిత్రి, గుమ్మడి, సూర్యకాంతం తమ ఉచ్చదశలో చేసిన పాత్రలన్నీ ఈ విభాగం పుట్టకముందువే. ఆ తరం గురించి ఎవరు అర్హులని ఇప్పుడు జాబితా వేస్తే, అందులో సగానికి పైగా అవార్డే లేని కాలానివి ఉంటాయి.

ప్రేక్షకుడి మాటకు విలువ ఇచ్చిన పద్ధతి మరో వైపు నుంచి వచ్చింది. ఫిల్మ్‌ఫేర్ పత్రిక 1954లో బొంబాయిలో అవార్డులు మొదలుపెట్టినప్పుడు పాఠకుల ఓట్లతోనే విజేతలను తేల్చింది. తెలుగుకు ఉత్తమ చిత్రం అవార్డు 1963 నుంచి ఇచ్చారు. మొదటిది ‘నర్తనశాల’కు దక్కింది. పాఠకుల ఓటు వల్ల ఎవరు అర్హులన్న చర్చ అరుగు మీది నుంచి కాగితం మీదికి వచ్చింది. ప్రజాదరణ వేరు, ప్రతిభ వేరు అన్న వాదమూ దానితోనే బలపడింది.

అవార్డుల అంచనా తప్పడానికి అందరూ మరిచిపోయే కారణం ఒకటుంది. అది సెన్సార్ తేదీ. జాతీయ అవార్డులకు సినిమా ఏ ఏటిదో తేల్చేది విడుదల కాదు, సెన్సార్ సర్టిఫికెట్. ‘శంకరాభరణం’ జనం ముందుకు వచ్చింది 1980 ఫిబ్రవరిలో. కానీ జాతీయ అవార్డుల్లో అది 1979 చిత్రం. ఆ ఏడాది ఆ ఒక్క సినిమాకు జనరంజక చిత్రం స్వర్ణకమలం, కె.వి.మహదేవన్‌కు సంగీత దర్శకుడి అవార్డు, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానికీ వాణీ జయరాంకూ గాయకుల అవార్డులు వచ్చాయి. ‘శతమానం భవతి’ 2017 సంక్రాంతి సినిమా, అయినా 2016 అవార్డుల్లోనే లెక్క. ‘ఆర్ఆర్ఆర్’ 2022 మార్చిలో విడుదలై 2021 అవార్డుల్లో పోటీపడింది. ప్రేక్షకుడు ఆ ఏడాది తాను చూసిన సినిమాల్లోంచి ఎంచుకుంటాడు, జ్యూరీ ముందున్న జాబితా వేరు. సంక్రాంతికి వచ్చిన సినిమా గురించి జరిగే వాదనల్లో సగం ఈ తేడా వల్ల పుట్టినవే.

కృష్ణానగర్ బతుకులకు నంది దగ్గరగా వచ్చిన సందర్భం ఒకటుంది. పూరి జగన్నాథ్ ‘నేనింతే’ (2008) సినిమావాళ్ల మీద తీసిన సినిమా. డైరెక్టర్ కావాలని తిరిగే అసిస్టెంట్ కథ అందులో ఉంది. పెద్దగా ఆడని ఆ చిత్రానికి రవితేజ ఉత్తమ నటుడి నంది అందుకున్నారు. అంతకు ముందు కృష్ణవంశీ ‘ఖడ్గం’ (2002)లో ఛాన్సుల కోసం తిరిగే నటుడి పాత్రకు ఆయనకే స్పెషల్ జ్యూరీ నంది వచ్చింది. స్వయంగా చిన్న వేషాలతో, అసిస్టెంట్ డైరెక్టర్ పనితో పైకి వచ్చిన నటుడికి ఆ రెండు పాత్రలకు దక్కిన గుర్తింపు సరైనదే. 2008లో బంగారు నంది క్రిష్ తొలి చిత్రం ‘గమ్యం’కు రావడమూ అంతే సరైనది.

రాష్ట్ర విభజన నాటికి నంది దారి తప్పడం మొదలైంది. 2011 తర్వాతి అవార్డుల ప్రకటన ఏళ్ల తరబడి ఆగింది. 2012, 2013 చిత్రాల నందులు 2017 మార్చిలో, 2014, 2015, 2016 చిత్రాలవి అదే ఏడు నవంబరులో ఒక్కసారిగా వెలువడ్డాయి. 2014కు ‘లెజెండ్’, 2015కు ‘బాహుబలి: ది బిగినింగ్’, 2016కు ‘పెళ్లిచూపులు’ ఉత్తమ చిత్రాలు. ‘లెజెండ్’కు నందులు వరసగా రావడం, ఉత్తమ నటుడిగా నిలిచిన బాలకృష్ణ అప్పటికి పాలక పక్షం శాసనసభ్యుడు కావడం విమర్శలకు తావిచ్చాయి. కాకతీయ రాణి మీద తాను తీసిన ‘రుద్రమదేవి’ని పక్కన పెట్టారని దర్శకుడు గుణశేఖర్ బహిరంగంగా ప్రశ్నించారు. ఆ ప్రకటన తర్వాత నంది మళ్లీ పూర్వపు నడకకు రాలేదు. మూడేళ్ల ఫలితాలు ఒకేసారి కుమ్మరించినప్పుడు ఏ ఎంపికనూ దాని కాలంలో పెట్టి చూడటం కుదరదు. ఆ జాప్యమే అన్ని అనుమానాలకూ మూలం.

తెలంగాణ ప్రభుత్వం 2024 జనవరి 31న, గద్దర్ జయంతి నాడు, ఇకపై రాష్ట్ర సినిమా అవార్డులు ఆయన పేరున ఇస్తామని ప్రకటించింది. ‘ఒరేయ్ రిక్షా’ (1995) పాటకు వచ్చిన నందిని తిరస్కరించిన కవి ఆయన. 2025 మేలో జయసుధ అధ్యక్షతన జ్యూరీ 2024 చిత్రాల ఫలితాలు ఇచ్చింది. ‘కల్కి 2898 ఏడీ’ మొదటి ఉత్తమ చిత్రం, ‘పొట్టేల్’ రెండోది, ‘లక్కీ భాస్కర్’ మూడోది. నంది నాటి మూడు మెట్లు ఇక్కడా నిలిచాయి. ఉత్తమ నటుడు అల్లు అర్జున్ (‘పుష్ప 2’), ఉత్తమ నటి నివేదా థామస్ (‘35 చిన్న కథ కాదు’). నివేదా ఎంపిక ఆ జాబితాలో మేలైనది. లెక్కలు రాని ఇల్లాలు కొడుకు కోసం మళ్లీ పుస్తకం పట్టే ఆ పాత్రలో హడావుడి లేదు, నటన మాత్రమే ఉంది.

మురళీమోహన్ అధ్యక్షతన మరో జ్యూరీ 2014 నుంచి 2023 దాకా ఏటికేటి ఉత్తమ చిత్రాలను కూడా వెనక్కి వెళ్లి ఎంచింది. పాత అంచనాలన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంత మంచి అవకాశం ముందెన్నడూ రాలేదు. 2014కు నంది ‘లెజెండ్’ అంది, ఢిల్లీ జ్యూరీ ఉత్తమ తెలుగు చిత్రం ‘చందమామ కథలు’ అంది, గద్దర్ జ్యూరీ ‘రన్ రాజా రన్’ అంది. 2015కు ఢిల్లీ దేశం మొత్తానికీ ఉత్తమ చిత్రంగా, నంది రాష్ట్రానికి ఉత్తమ చిత్రంగా ‘బాహుబలి’నే ఎంచితే, గద్దర్ అవార్డు ‘రుద్రమదేవి’కి వెళ్లింది. 2017లో గుణశేఖర్ అడిగిన ప్రశ్నకు ఎనిమిదేళ్ల తర్వాత మరో సర్కారు నుంచి జవాబు వచ్చిందన్నమాట. 2016కు ‘శతమానం భవతి’, 2023కు ‘బలగం’. ‘బలగం’ విషయంలో వాదన ఉండదు. పల్లె చావు ఇంటి మీద, పిట్ట ముట్టడం మీద ఆ ఏడు అంత నిజాయితీగా వచ్చిన సినిమా ఇంకొకటి లేదు.

ఢిల్లీ అవార్డుల్లో తెలుగువారి పాత లోటు ఉత్తమ నటుడిది. ఉత్తమ నటి అవార్డు తెలుగు చిత్రాలకు ‘నిమజ్జనం’తో శారదకు, ‘దాసి’తో అర్చనకు, ‘కర్తవ్యం’తో విజయశాంతికి, ‘మహానటి’తో కీర్తి సురేశ్‌కు వచ్చింది. నటుడికి మాత్రం 2023 ఆగస్టు దాకా ఒక్కసారీ రాలేదు. ‘పుష్ప: ది రైజ్’తో అల్లు అర్జున్ ఆ వరస మార్చారు. ఆ సినిమా ప్రీ రిలీజ్ వేడుక 2021 డిసెంబరులో యూసుఫ్‌గూడ పోలీసు గ్రౌండ్‌లోనే జరిగింది. భుజం వంచి, యాస మార్చి చేసిన ఆ పాత్రకు అవార్డు రావడం తప్పు కాదు. తెలుగు నటుడికి అది దక్కడానికి యాభై ఏళ్లకు పైగా పట్టిందన్నదే చరిత్రకు ఎక్కవలసిన మాట.

2023 ఆగస్టు నాటి ఆ జాతీయ అవార్డుల ప్రకటనలోనే ‘ఆర్ఆర్ఆర్’కు ఆరు అవార్డులు వచ్చాయి. వాటిలో నృత్యానికి ప్రేమ్ రక్షిత్‌కు, పోరాటాలకు కింగ్ సాలమన్‌కు వచ్చినవి కృష్ణానగర్‌కు మరీ దగ్గరివి. జాతీయ అవార్డుల్లో నృత్య దర్శకత్వానికి 1991 చిత్రాల నుంచే స్థానం ఉంది. ఫైట్ మాస్టర్‌కు స్థానం దొరకడానికి 2016 చిత్రాల దాకా ఆగవలసి వచ్చింది, ఆ తొలి అవార్డు మలయాళ చిత్రం ‘పులిమురుగన్’కు వెళ్లింది. అంతకు ముందు దశాబ్దాల పాటు ఎముకలు విరగ్గొట్టుకున్న ఫైటర్లకు, వారి మాస్టర్లకు జాతీయ స్థాయిలో అసలు విభాగమే లేదు.

ఆస్కార్ దగ్గర ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. భారత్ తరఫున ఆస్కార్‌కు వెళ్లిన తెలుగు చిత్రం ‘స్వాతిముత్యం’ (1986) ఒక్కటే. ‘ఆర్ఆర్ఆర్’ వెళ్తుందని అంతా అనుకున్న ఏడు ఎంపిక సంఘం గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ను పంపింది. నిర్మాణ బృందం సొంతంగా మిగతా విభాగాల్లో పోటీకి దిగింది. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ ‘నాటు నాటు’ పాటకు వచ్చాయి. ఆస్కార్ నిబంధన ప్రకారం పాట ప్రతిమలు సంగీత దర్శకుడు కీరవాణికి, రచయిత చంద్రబోస్‌కు మాత్రమే దక్కాయి. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు గానీ, ప్రపంచమంతా అనుకరించిన ఆ అడుగులు కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కు గానీ ఆ విభాగంలో చోటు లేదు. స్టంట్ డిజైన్‌కు ఆస్కార్ ఇస్తామని అకాడమీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. 2027లో విడుదలయ్యే చిత్రాలకు, నూరో ఆస్కార్ వేడుకలో దాన్ని తొలిసారి అందజేస్తారు. లైట్‌మేన్, జూనియర్ ఆర్టిస్టుల పనికి ఆస్కార్‌లోనూ జాతీయ అవార్డుల్లోనూ ఇంకా విభాగం లేదు.