సీసం ఇంట్లో కరిగేది, తూటా స్టేషన్‌లో ఉండేది

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి 11 తుపాకులు, 1390 తూటాలు పట్టుకుపోయింది. మర్నాడు కృష్ణదేవిపేటలో మరో 7 తుపాకులు, ఆ మర్నాడు రాజవొమ్మంగిలో 8. ఏమేం తీసుకెళ్ళిందీ స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారు. మూడు రోజుల్లో దొరికిన 26 తుపాకుల గురించి అందరూ చెప్తారు. తూటాల లెక్క దగ్గర ఎవరూ ఆగరు. అసలు ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

అంతకు ముందు తరాల్లో గుండుకి కొరత ఉండేది కాదు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో, హైదర్ అలీతో పోరుకి ఓడెక్కి మద్రాసు వెళ్ళమంటే కుదరదని కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. నాటి సిపాయి తూటా అంటే కాగితం చుట్ట, అందులో కొలిచిన మందు, ఒక సీసపు గుండు. కాగితం పంటితో చింపి, మందు గొట్టంలో పోసి, గుండుని కాగితంతో సహా ఊచతో దిగ్గొట్టేవాడు. గుండు గొట్టం కంటే కొంచెం చిన్నది, ఆ సందుని కాగితమే పూడ్చేది. సీసం, మందు, కాగితం ఉంటే ఎవరైనా చుట్టుకోగలిగే తూటా అది.

సీతారామరాజు దళం తిరిగిన మన్యం కొండల్లో వేటగాడి నాటు తుపాకీదీ అదే పద్ధతి. సీసం 327 డిగ్రీల వేడికే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. గరిటెతో అచ్చులో పోసి, చల్లారాక తోక కత్తిరిస్తే గుండు తయారు. సురేకారం, గంధకం, బొగ్గు కలిస్తే మందు. గుండు జారిపోకుండా పైన పీచో గుడ్డపేలికో. గురి మాత్రం అంతంతే. నున్నటి గొట్టంలోంచి వచ్చే గుండుకి తిప్పు ఉండదు, కాస్త దూరం పోయాక దాని ఇష్టం.

పోలీసు తుపాకీది వేరే కథ. వెనకనుంచి పెట్టే ఇత్తడి తూటాకి గుండు పోయడం కష్టమేమీ కాదు. ఆ తూటా ఇత్తడి గొట్టం అడుగున, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే క్యాపు ఉందే, దాన్ని పొయ్యి మీద చెయ్యలేరు. అమెరికాలో వేటగాళ్ళు కాల్చేసిన గొట్టాలు దాచుకుని, కొత్త క్యాపు దిగ్గొట్టి, మందు పోసి, చిన్న వేటకి గుండ్రటి సీసపు గుండునే బిగించుకునేవారు. 1884లో మొదలైన ఐడియల్ కంపెనీ ఈ పనికోసమే పటకారు లాంటి పనిముట్లు అమ్మింది. అక్కడ క్యాపులు కొట్లో దొరికేవి. ఇక్కడ 1878 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేనివాడి చేతికి మందుగుండే అందకూడదంది.

అంచేత పట్టుకున్న తుపాకీకి మేత కూడా పట్టుకునే తెచ్చుకోవాలి. అది పోలీసులకీ త్వరలోనే అర్థమైంది. అక్టోబరు 15న దళం అడ్డతీగల స్టేషన్‌కి వెళ్ళేసరికి ఆయుధాలు అక్కడ లేవు, ముందే తప్పించేశారు. నా లెక్కలో దామనపల్లి ఘాట్‌లో కవార్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు నేలకొరిగిన సెప్టెంబరు 24 కంటే ఈ ఖాళీ స్టేషనే మన్యం తిరుగుబాటుకి పెద్ద మలుపు. డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర మరతుపాకీతో ఎదురుపడిన బలగాల ముందు, ప్రతి తూటా ఆచితూచి కాల్చాల్సిన దళం ఎంతసేపని నిలబడుతుంది?

నాటు తుపాకీకీ తూటా తుపాకీకీ మధ్య ఆ తేడా నేటి చట్టంలోనూ ఉంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపలా కోసం నిజంగా అవసరమైన రైతుకి మూతిలోంచి మందు కూరే తుపాకీ లైసెన్సు ఇచ్చే దారిని విడిగా పేర్కొంటుంది. కార్ట్రిడ్జ్ తుపాకీ ఉన్నవాడి లైసెన్సులోనైతే, ఒకేసారి ఎన్ని తూటాలు కొనొచ్చో, ఏడాదికి ఎన్నో కూడా రాసి ఉంటుంది.