ఊడదీసే వీలుతో కట్టిన టెలిస్కోపు

సూరత్ పాండేసరలో సాంచె (మరమగ్గం) ఆగిపోతే మెకానిక్ మొదట చూసేది ఒక్కటే: మిగతావాటిని కదపకుండా పాడైన భాగాన్ని ఊడదీయొచ్చా, లేదా? 1970లలో అమెరికాలోని గొడార్డ్ అంతరిక్ష కేంద్రంలో ఫ్రాంక్ సెపొలినా అనే ఇంజనీరు ఉపగ్రహాల గురించి ఇదే ప్రశ్న వేశాడు. అప్పట్లో పైకెళ్లిన ఉపగ్రహంలో ఫ్యూజు కాలితే అంతే సంగతులు. ముఖ్యమైన భాగాలను విడివిడి పెట్టెల్లో అమర్చి బోల్టులతో బిగిస్తే, పాత పెట్టె తీసి కొత్తది పెట్టవచ్చని ఆయన వాదన.

ఆ వాదనకు పరీక్ష త్వరలోనే వచ్చింది. సూర్యుణ్ణి గమనించడానికి ఇలాంటి పెట్టెలతో కట్టి 1980 ఫిబ్రవరిలో ఎగరేసిన సోలార్ మాక్స్ ఉపగ్రహం, ఫ్యూజులు పోయి ఏడాది తిరక్కుండానే గురి తప్పింది. 1984 ఏప్రిల్‌లో చాలెంజర్ షటిల్ దాని వెంట వెళ్లింది. వ్యోమగామి జార్జ్ నెల్సన్ చేతిలోని పరికరం ఉపగ్రహాన్ని పట్టలేకపోయింది. చివరికి షటిల్ రోబో చేయితో దాన్ని దొరకబుచ్చుకుని, పాడైన పెట్టె మార్చి వదిలారు. కక్ష్యలో ఉపగ్రహాన్ని బాగుచేయడం అదే మొదలు.

హబుల్ టెలిస్కోపునూ ఈ పద్ధతిలోనే కట్టారు. తలుపులు, పట్టుకోవడానికి కమ్మీలు, బయటికి లాగే పెట్టెలు ముందే పెట్టారు. 1990 ఏప్రిల్ 24న పైకెళ్లిన హబుల్ పంపిన బొమ్మలు మాత్రం మసకబారి వచ్చాయి. 2.4 మీటర్ల అద్దాన్ని అంచు దగ్గర 2.2 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో సుమారు యాభయ్యో వంతు, ఎక్కువ అరగదీశారు. అద్దాన్ని పరీక్షించే పరికరంలోనే ఒక కటకం ఉండాల్సిన చోటికి 1.3 మిల్లీమీటర్లు తేడాగా ఉంది. కొలకడ్డీ మూత మీద రంగు లేచిపోయిన చోట లేజరు కాంతి పడి వెనక్కి రావడంతో కొలత తప్పింది. వేరే పరికరాలు తేడా ఉందని చూపించినా ఎవరూ పట్టించుకోలేదు.

తప్పు ఎంతో కచ్చితంగా తెలియడమే ఆదుకుంది. అంతే తప్పును ఎదురు దిశలో చేసిన చిన్న అద్దాలు కాంతికి అడ్డం పెడితే లెక్క సరిపోతుంది. వాటిని ఇరుకు చోటులోకి చేర్చేదెలా? జర్మనీలో ఒక హోటల్ స్నానాలగదిలో, కడ్డీ మీద జరుగుతూ కావలసినట్టు వంగే షవర్‌ను చూశాక ఇంజనీరు జేమ్స్ క్రాకర్‌కు దారి దొరికింది. అద్దాలను మడిచే చేతులకు బిగించి, టెలిఫోన్ బూత్ అంత పెట్టెలో పెట్టారు. దాని పేరు కోస్టార్.

1993 డిసెంబరులో ఎండెవర్ షటిల్ వ్యోమగాములు అయిదుసార్లు బయటికొచ్చి కోస్టార్‌నూ కొత్త కెమెరానూ అమర్చారు. దిశను పట్టి చెప్పే గైరోలు మార్చాక ఆ అర తలుపులు మూసుకోలేదు. స్టోరీ మస్‌గ్రేవ్, జెఫ్రీ హాఫ్‌మన్ రెండు రెక్కలనూ పట్టీతో దగ్గరికి లాగి గడియ పెట్టారు. 1994 జనవరికి బొమ్మలు స్పష్టంగా వచ్చాయి.

కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న 2003 కొలంబియా షటిల్ ప్రమాదం తర్వాత హబుల్ చివరి మరమ్మతు యాత్రను రద్దు చేశారు. మళ్లీ ఒప్పుకుని 2009 మేలో అట్లాంటిస్ షటిల్‌ను పంపారు. ఈసారి ఒక పరికరాన్ని అక్కడికక్కడే విప్పాలి. విప్పుతారని దాన్ని కట్టినవాళ్లు అనుకోలేదు. మూతకు 111 మరలు! ఊడినవి తేలిపోకుండా మూత మీద చిల్లుల పలక బిగించారు. దానికంటే ముందు అడ్డంగా ఉన్న కమ్మీ తీయాలి. దాని మర అరిగి తిరగలేదు. భూమ్మీద అలాంటి కమ్మీనే లాగి చూసి సరేనన్నాక, ముక్కలు చెదరకుండా టేపు చుట్టి వ్యోమగామి మైక్ మాసిమినో చేత్తోనే పెరికేశాడు. పెట్టె లాగితే తీరే పని ఎంత దూరం పోయిందో చూడండి.

2011లో షటిళ్లు ఆగిపోవడంతో మరమ్మతు యాత్రలూ ఆగాయి. 2024 జూన్ నుంచి హబుల్ ఒక్క గైరోతో నెట్టుకొస్తోంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ అయిదేళ్ల గడువు దాటీ పనిచేసింది. కానీ దాని దగ్గరికి వెళ్లి బాగుచేసే ఏర్పాటు లేదు. శ్రీహరికోట నుంచే వెళ్లిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న కక్ష్యలో ఒకదానితో ఒకటి కలిశాయి. మరమ్మతుకు ఈ విద్యే తొలిమెట్టు. రేపు వెళ్లేది మనిషైనా రోబో అయినా, ఊడదీసే వీలు మాత్రం నేల మీద కట్టేనాడే పెట్టాలి.